రేవులో తెల్ల పిట్టలు

కార్తీక మాసం. తెల్లవారుజాము. రాజమండ్రిలో కోటిలింగాల రేవు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆడవాళ్లు గోదాట్లో మునిగి లేస్తున్నారు. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి వదులుతున్నారు. కాస్త వెలుగు వచ్చింది. అప్పుడు నీటి మీద తెల్లగా ఏవో కనిపించాయి. పది, ఇరవై, యాభై.

"ఏంటొదినా, ఇన్ని కొంగలు వచ్చాయి?" అంది ఒకామె తడి జుట్టు పిండుకుంటూ.

"కొంగలు కావే. కొంగ నీళ్లలో నిలబడుతుంది. ఇవి చూడు, తేలుతున్నాయి" అంది వదిన.

"మరి బాతులా?"

"బాతు అలా గాలిలో తిరుగుతూ నీళ్ల మీది తిండి ఎగరేసుకు పోతుందా? బాతు ముక్కు అలా ఉంటుందా?"

ఆ వదిన పిట్టల పుస్తకం ఏదీ చదవలేదు. అయినా ఆమె చూసిన తీరు సరైనది. పిట్టను గుర్తు పట్టాలంటే రంగు ఒక్కటే చూస్తే చాలదు. తెల్లగా ఉన్నవన్నీ కొంగలు కావు. అది నీటి దగ్గర ఏం చేస్తోంది? నిలబడిందా? తేలుతోందా? మునుగుతోందా? పైనుంచి దూకుతోందా? ముందు అది చూడాలి. తర్వాత ముక్కు, తోక చూడాలి. రంగు సంగతి ఆఖరున.

చెవి దగ్గర దిష్టి చుక్క

తేలుతున్న ఆ తెల్ల పిట్టల పేరు సీగల్. కొందరు సముద్రపు కాకి అంటారు. ఆ పేరు బాగా కుదిరింది. కాకి లాగే ఇది కూడా అదీ ఇదీ అనదు. చేపలు తింటుంది. పురుగులు తింటుంది. చచ్చిన చేపలు, పారేసిన మెతుకులు కూడా తింటుంది. ఒక విధంగా రేవు ఊడ్చే పని చేస్తుంది. జీతం లేదు.

మన వైపు వచ్చే సీగల్స్‌లో ఎక్కువగా కనిపించేది గోధుమ తల సీగల్. పేరు విని తల కేసి చూస్తే మోసపోతాం. మన దగ్గర ఉండే చలికాలంలో దాని తల తెల్లగా ఉంటుంది. చెవి దగ్గర మాత్రం ఒక నల్ల మచ్చ ఉంటుంది. పసిపాపకు కాటుకతో దిష్టి చుక్క పెట్టినట్టు ఉంటుంది. వీపు లేత బూడిద రంగు. ముక్కు, కాళ్లు ఎర్రగా ఉంటాయి. ముక్కు కొస నలుపు. ఎగిరినప్పుడు రెక్క చివర చూడండి. అక్కడ నల్లగా ఉంటుంది. ఆ నలుపులో తెల్ల మచ్చ కనిపిస్తుంది.

శివరాత్రి దాటాక మళ్లీ రేవుకు వెళ్లి చూడండి. కొన్నిటి తల ముదురు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. జత కట్టే కాలం వస్తోందన్న మాట. అంటే ప్రయాణం దగ్గర పడింది.

గుంపులో కొన్నిటికి తోక చివర నల్ల పట్టీ ఉంటుంది. రెక్కల మీద గోధుమ మచ్చలు ఉంటాయి. అవి వేరే జాతి అనుకుంటాం. కాదు. అవి కిందటి వేసవిలో పుట్టిన పిల్లలు. మొదటిసారి ఇంత దూరం వచ్చాయి.

ఇదే గుంపులో నల్ల తల సీగల్ కూడా కలిసి ఉండవచ్చు. అది కొంచెం చిన్నది. ఆ తేడా మొదటి రోజే పట్టుకోనక్కర లేదు. ఎన్నో ఏళ్లుగా చూసే వాళ్లే తికమక పడుతుంటారు.

పుట్టిల్లు ఎక్కడ?

చలికాలంలో ఏ కొత్త పిట్ట కనబడినా "సైబీరియా నుంచి వచ్చింది" అనడం మనకు అలవాటు. పాపం, అన్నిటికీ ఒకే ఊరు కట్టేస్తాం. గోధుమ తల సీగల్ సొంత ఊరు టిబెట్, లడఖ్, మధ్య ఆసియా వైపు ఎత్తయిన సరస్సులు. అవి సముద్ర మట్టానికి 3 వేల నుంచి 4 వేల 500 మీటర్ల ఎత్తున ఉంటాయి. తిరుమల కొండ ఎత్తు సుమారు 850 మీటర్లు. అలాంటివి నాలుగో అయిదో ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత ఎత్తో, అంత ఎత్తున ఇవి గుడ్లు పెడతాయి. అక్కడికి సముద్రం ఎంతో దూరం. పేరు మాత్రం సముద్రపు కాకి!

చలికాలం వస్తే ఆ సరస్సులు గడ్డ కడతాయి. నీరు గట్టిపడితే చేప దొరకదు. అందుకని పెద్దలూ పిల్లలూ దక్షిణానికి బయలుదేరతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో మన వైపు దిగుతాయి. మార్చి, ఏప్రిల్ నాటికి తిరిగి వెళ్లిపోతాయి.

రాజమండ్రి దగ్గర వాటికి ఏం దొరుకుతుంది? నిండా నీరు దొరుకుతుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజి 1982లో తయారైంది. ఆ అడ్డు వల్ల చలికాలంలో కూడా రాజమండ్రి రేవుల దాకా నీరు చెరువులా నిలిచి ఉంటుంది. చేప ఉంటుంది. కూర్చోవడానికి పడవలు, గట్లు ఉంటాయి.

పిల్లలు వీటికి జంతికలు, మరమరాలు విసురుతారు. పిట్టలు గాలిలోనే అందుకుంటాయి. చూడడానికి సరదాగానే ఉంటుంది. నేనూ విసిరిన దాన్నే. కానీ ఆ ఉప్పు, ఆ నూనె వాటి తిండి కాదు. దాంతో కడుపు నిండితే అవి చేపల జోలికి పోవు. బలం చాలదు. తిరుగు ప్రయాణం ఎంత దూరమో చూశాం గదా. జంతికల కవరు నీళ్లలో పడేయడం ఇంకా పెద్ద తప్పు.

పసుపు కొమ్ము లాంటి ముక్కు

రేవులో ఇంకో తెల్ల పిట్ట ఉంది. దీన్నీ సీగల్ అనే అనుకుంటారు చాలామంది. కానీ ఇది సీగల్ లాగా నీళ్ల మీద తీరిగ్గా తేలుతూ కూర్చోదు. గాలిలో తిరుగుతూనే ఉంటుంది. ఒళ్లు సన్నం. రెక్కలు పొడవు. తోక కత్తెరలా రెండుగా చీలి ఉంటుంది. తల కిందికి వంచి నీళ్లలోకి చూస్తూ ఎగురుతుంది. చేప కనిపించిందా, రెక్కలు ముడిచి రాయి పడ్డట్టు పడుతుంది. చేపతో లేస్తుంది. దీని పేరు టెర్న్.

మన గోదావరిలో ఉండేది నది టెర్న్. దాని ముక్కు పసుపు కొమ్ములా ఉంటుంది. కాళ్లు చిన్నవి, ఎర్రగా ఉంటాయి. వేసవి వచ్చేసరికి నెత్తి మీద నల్ల టోపీ పెట్టినట్టు ఉంటుంది. ఇది చలికాలపు చుట్టం కాదు. ఏడాది పొడుగునా మన దేశపు నదుల్లోనే బతుకుతుంది. మన ఇంటి పిల్ల లాంటిది. దీని సంగతి ఇంకా ఉంది, ఆఖరున చెబుతాను.

చేల మీద, కాలవల మీద తిరిగే చిన్న టెర్న్ ఇంకొకటి ఉంది. అది రాయిలా దూకదు. నీటి మీద వాలినట్టే వాలి, ముక్కుతో తీసుకుని పైకి లేస్తుంది. చలికాలంలో వరి మడుల మీద చూసే ఉంటారు.

మిగిలినవి మీకు చాలావరకు తెలిసినవే. నల్లగా ఉండి, మునిగి చేప పట్టి, గుంజ మీద కూర్చుని రెక్కలు చాపి ఆరబెట్టుకునేది నీటికాకి. నలుపు తెలుపు చుక్కల లకుముకి పిట్ట గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువునా దూకుతుంది. గద్దలు రెండు రకాలు. మామూలు గద్ద తోక మధ్యలో నొక్కుకుని ఉంటుంది. గరుడ పక్షి తోక గుండ్రం. దాని తల, రొమ్ము తెలుపు, ఒళ్లు ఇటుక రంగు. గుడ్డికొంగ గట్టు మీద మట్టి రంగులో కలిసిపోయి కూర్చుంటుంది. దగ్గరికి వెళ్తే తెల్ల రెక్కలు విప్పి ఎగురుతుంది. అంతదాకా అక్కడ పిట్ట ఉందనే తెలియదు.

కాకినాడ రేవుకు వెళ్దాం

సీగల్స్‌ను వందల్లో చూడాలంటే రాజమండ్రి నుంచి కాకినాడ బస్సు ఎక్కాలి. సుమారు 60 కిలోమీటర్లు. అక్కడ కుంభాభిషేకం రేవులో వేట పడవలు ఆగుతాయి. చేపల అక్కలు బుట్టలతో ఎదురు చూస్తుంటారు. పడవ వెనకాలే సీగల్స్ వస్తాయి. వలలో నుంచి తీసి పారేసిన చిన్న చేప కోసం అరుచుకుంటాయి.

వాటిలో ఒక పెద్ద సీగల్ కనిపించవచ్చు. గద్ద అంత ఉంటుంది. ముక్కు లావు, పసుపు రంగు. ముక్కు చివర దగ్గర ఎరుపు, నలుపు పట్టీ. దాన్ని పల్లాస్ సీగల్ అంటారు. అది మధ్య ఆసియా, మంగోలియా వైపు నుంచి వస్తుంది.

ఇక్కడ పిట్టల గురించి పుస్తకం కన్నా ఎండు చేపలు ఆరబెట్టే అక్కలను అడగడం మేలు. ఏ పిట్ట ఏ వేళకు వచ్చి ఎత్తుకు పోతుందో వాళ్లకు తెలుసు. నీటి మీద ఒకే చోట టెర్న్‌లు గుంపుగా దూకుతుంటే కింద చిన్న చేప గుంపు ఉందని వేటగాళ్లు పసిగడతారు.

కాకినాడ తీరంలో, కోరింగ మడ అడవుల వైపు చలికాలంలో ఒక అరుదైన పిట్ట వస్తుంది. దాని పేరు స్కిమ్మర్. పైన నలుపు, కింద తెలుపు. ముక్కు పొడవు, నారింజ రంగు. అందులో వింత ఏమిటంటే, పై ముక్కు పొట్టి, కింది ముక్కు పొడవు. నోరు తెరిచి, కింది ముక్కుతో నీటిని గీసుకుంటూ ఎగురుతుంది. చేప తగిలితే టక్కున నోరు మూస్తుంది. ఇలాంటివి ప్రపంచం మొత్తం మీద కొద్ది వేలే మిగిలాయి. 2020లో దీన్ని ప్రమాదంలో ఉన్న పక్షుల పట్టీలో చేర్చారు. ఉత్తరాన చంబల్ నది, ఒడిశాలో మహానది ఇసుక దిబ్బల మీద ఇది గుడ్లు పెడుతుంది. ఆ దిబ్బలు చెదిరిపోతే గుడ్లకు చోటు లేదు.

చచ్చిన పిట్ట కనిపిస్తే

చచ్చి పడి ఉన్న పిట్టను చేత్తో ముట్టుకోవద్దు. పిల్లలను ముట్టుకోనివ్వద్దు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ జబ్బు అడవి పక్షులకూ వస్తుంది. ఒకే చోట నాలుగైదు చచ్చి ఉంటే పశువుల డాక్టరుకు కబురు చేయాలి. అలాగని బతికున్న పిట్టను చూసి భయపడనక్కర లేదు. దూరం నుంచి చూస్తే చాలు.

కొన్ని పిట్టల కాలికి చిన్న కడియం ఉంటుంది. ఎవరో ముచ్చటపడి వేసింది కాదు. పిట్ట ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో తెలుసుకోవడానికి వేస్తారు. మన దేశంలో ఈ పని ఎక్కువగా చేసేది ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. అది 1883లో పుట్టింది. కడియం మీద ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉంటాయి. అక్షరాలు రాకపోయినా ఫరవా లేదు. బస్సు నెంబరు చదువుతున్నాం గదా, అవే అంకెలు. ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద దించండి. ఫోను ఉంటే ఫోటో తీయండి. తేదీ, ఊరి పేరు రాయండి. అటవీ శాఖ వాళ్లకు ఇవ్వండి. కడియం ఊడదీయకండి.

ఇసుకలో గుడ్లు

ఇప్పుడు నది టెర్న్ సంగతి. సీగల్స్ వెళ్లిపోయే వేళకు దీని సంసారం మొదలవుతుంది. నీరు తగ్గి గోదావరిలో ఇసుక తిప్పలు బయటపడతాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ తిప్పల మీద ఇది గుడ్లు పెడుతుంది. గూడు కట్టదు. పుల్ల కూడా పెట్టదు. ఇసుకలో చిన్న గుంట చేసి రెండో మూడో గుడ్లు పెడుతుంది. అవి ఇసుక రంగులోనే ఉంటాయి. మచ్చలు ఉంటాయి. అడుగు దూరంలో ఉన్నా కంటికి ఆనవు.

ఎండలో ఇసుక పెనంలా కాలుతుంది. అప్పుడు తల్లీ తండ్రీ వంతులు వేసుకుని నీళ్ల దగ్గరికి పోతాయి. పొట్ట ఈకలు తడుపుకుని వస్తాయి. ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తాయి.

ఆ తిప్ప మీదికి కుక్కలు వస్తాయి. పశువులు వస్తాయి. ఇసుక లారీలు, ట్రాక్టర్లు వస్తాయి. పైనుంచి ఒక్కసారి నీరు వదిలితే గుడ్లు కొట్టుకుపోతాయి. అందుకే ఈ పిట్టలు దేశమంతటా తగ్గిపోతున్నాయి.

దోసపాదులకో, పుచ్చపాదులకో, గేదెల కోసమో వేసవిలో తిప్పల మీదికి వెళ్లే ఆడవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అక్కడ పసుపు ముక్కు పిట్టలు నెత్తి మీద తిరుగుతూ గోల పెడుతుంటే, తల మీదికి దూకి వస్తుంటే, అక్కడే ఆగిపోండి. పైకి చూడకండి. కాళ్ల కింద చూడండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి. నాలుగు అడుగులు దూరం జరిగేసరికి తల్లి దిగి గుడ్ల మీద కూర్చుంటుంది. అప్పుడు తెలుస్తుంది, గుడ్లు ఎక్కడ ఉన్నాయో.