భాగం 9: వైర్‌లెస్ యు.ఎస్.బి. నెట్‌వర్క్ అడాప్టర్‌ను అమర్చడం, సరిచూడడం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని పూర్తిగా చదివిన తరవాత మీరు:
- వైర్‌లెస్ అడాప్టర్ చేసే పనిని వివరించగలుగుతారు.
- మీ కంప్యూటర్‌కూ, మీ రూటర్‌కూ సరిపోయే అడాప్టర్‌ను ఎంచుకోగలుగుతారు.
- అడాప్టర్‌కు డ్రైవర్‌ను ఇన్‌స్టాల్ చేసి, దాన్ని వై-ఫై నెట్‌వర్క్‌కు కలపగలుగుతారు.
- ఇంటర్నెట్ రానప్పుడు లోపం ఎక్కడ ఉందో క్రమపద్ధతిలో గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

కిందటి భాగంలో కేబుల్ ద్వారా కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలపడం గురించి తెలుసుకొన్నారు. అయితే అన్ని ఇళ్లలోనూ కేబుల్ లాగడం వీలుకాదు. రూటర్ కింద హాల్లో ఉంటుంది, మీరు చదువుకొనే గది మేడమీద ఉంటుంది. అద్దె ఇల్లయితే గోడకు రంధ్రం చేయడానికి యజమాని ఒప్పుకోకపోవచ్చు. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో చాలావాటికి వై-ఫై సౌకర్యమే ఉండదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో లోపలి వై-ఫై కార్డు పాడై ఉంటుంది. ఇలాంటి సందర్భాలలో బొటనవేలంత ఉండే యు.ఎస్.బి. అడాప్టర్ ఉపయోగపడుతుంది.

ఒక సందర్భాన్ని ఊహించండి. అసైన్‌మెంట్‌ను అప్‌లోడ్ చేయడానికి రేపే చివరి రోజు. మీరు అడాప్టర్ కొని తెచ్చి పోర్టులో పెట్టారు. దాని దీపం వెలిగింది కాని ఇంటర్నెట్ రాలేదు. ఈ దశలో చాలామంది కనిపించిన ప్రతి సెట్టింగునూ మార్చి చూస్తారు. బాగున్నది కూడా చెడిపోతుంది. చివరకు అడాప్టరే పనికిరాదని నిర్ణయించి దుకాణానికి తిరిగి తీసుకువెళతారు.

నిజానికి 'అడాప్టర్ పనిచేయడం' అనేది ఒకే పని కాదు. అందులో నాలుగు మెట్లు ఉన్నాయి:
1. కంప్యూటర్ ఆ పరికరాన్ని గుర్తించాలి.
2. దానికి సరైన డ్రైవర్ ఉండాలి.
3. అడాప్టర్‌కూ రూటర్‌కూ మధ్య రేడియో సంబంధం ఏర్పడాలి.
4. కంప్యూటర్‌కు ఐ.పి. చిరునామా లభించి, ఇంటర్నెట్ దాకా దారి తెరుచుకోవాలి.

కింది మెట్టు సరిగా లేనప్పుడు పై మెట్టును ఎంత సవరించినా ప్రయోజనం ఉండదు. అందువల్ల అమర్చేటప్పుడయినా, లోపం వెతికేటప్పుడయినా ఈ వరసనే పాటించాలి. ఈ భాగంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

9.2 అడాప్టర్ చేసే పని

అడాప్టర్ ఒక చిన్న రేడియో. కంప్యూటర్ పంపే సమాచారాన్ని రేడియో తరంగాలుగా మార్చి ప్రసారం చేస్తుంది. రూటర్ నుంచి వచ్చే తరంగాలను తిరిగి సమాచారంగా మారుస్తుంది. ఈ సంభాషణకు సంబంధించిన నియమాలను ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 802.11 ప్రమాణాల రూపంలో నిర్ణయించింది. మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. తరవాత వచ్చిన వాటిలో 802.11ఎన్ (2009), 802.11ఏసీ (2013), 802.11ఏఎక్స్ (2021) ముఖ్యమైనవి. ఈ మూడింటినే వరసగా వై-ఫై 4, వై-ఫై 5, వై-ఫై 6 అని వ్యవహరిస్తున్నారు.

ప్రతి అడాప్టర్‌కూ తయారీ సమయంలోనే ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. దీన్ని మ్యాక్ చిరునామా అంటారు. ఇది 48 బిట్ల పొడవు ఉంటుంది. మీ హాస్టల్‌లోనో, కార్యాలయంలోనో మ్యాక్ చిరునామాను నమోదు చేసుకొన్న కంప్యూటర్లకే అనుమతి ఇస్తుంటే, అడాప్టర్ మార్చిన ప్రతిసారీ కొత్త చిరునామాను నమోదు చేయించుకోవాలి.

9.3 అడాప్టర్‌ను ఎంచుకోవడం

9.3.1 తరంగ పట్టీ

వై-ఫై ప్రధానంగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ పట్టీలలో పనిచేస్తుంది. 2.4 పట్టీ తరంగాలు గోడలను దాటి ఎక్కువ దూరం పోగలవు. కాని బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ పొయ్యిలు, ఇరుగుపొరుగు రూటర్లు అన్నీ అక్కడే ఉండడం వల్ల రద్దీ ఎక్కువ. 5 పట్టీలో వేగం ఎక్కువ, దూరం తక్కువ.

చవకగా దొరికే అడాప్టర్లలో చాలావాటికి 2.4 పట్టీ ఒక్కటే ఉంటుంది. మీ రూటర్ గాని, ఫోన్ హాట్‌స్పాట్ గాని 5 పట్టీలో మాత్రమే ప్రసారం చేస్తుంటే అలాంటి అడాప్టర్‌కు ఆ నెట్‌వర్క్ పేరు కనిపించనే కనిపించదు. పక్కింటి పేర్లు కనిపిస్తూ మీ పేరు కనిపించకపోతే ముందుగా దీన్నే అనుమానించాలి. వీలయితే రెండు పట్టీలూ ఉన్న అడాప్టర్‌ను కొనడం మంచిది.

9.3.2 పెట్టెమీది అంకె

పెట్టెమీద 'ఏసీ600' అని ఉంటే సెకనుకు 600 మెగాబిట్ల వేగం వస్తుందని భావించకూడదు. 2.4 పట్టీలో గరిష్ఠంగా 150, 5 పట్టీలో గరిష్ఠంగా 433 మెగాబిట్లు. ఈ రెంటినీ కూడి, దగ్గరి అంకెకు సవరించి అలా రాస్తారు. అడాప్టర్ ఒక సమయంలో ఒకే పట్టీలో పనిచేస్తుంది. పైగా మీరు తీసుకొన్న ఇంటర్నెట్ పథకం వేగం 40 మెగాబిట్లయితే, ఎంత ఖరీదైన అడాప్టర్ పెట్టినా ఇంటర్నెట్ వేగం అంతకు మించదు.

9.3.3 పోర్టు, చిప్

యు.ఎస్.బి. 2.0 పోర్టు గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు. యు.ఎస్.బి. 3.0 పోర్టు గరిష్ఠ వేగం 5 గిగాబిట్లు. పాత కంప్యూటర్‌లో 2.0 పోర్టులే ఉంటే అంతకు మించిన వేగం గల అడాప్టర్‌కు డబ్బు పెట్టడం అనవసరం.

అడాప్టర్‌మీద ముద్రించిన పేరుకంటే లోపలి చిప్ ముఖ్యం. డ్రైవర్ పనిచేసేది చిప్‌తోనే. ఒకే మోడల్ పేరుతో వేరువేరు చిప్‌లు వచ్చిన సందర్భాలున్నాయి. ఉదాహరణకు టీపీ-లింక్ సంస్థ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ మోడల్ మొదటి వెర్షన్‌లో అథెరోస్ చిప్ ఉండేది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్ వాడారు. మొదటి దాని డ్రైవర్ రెండో దానికి పనికిరాదు. అందుకే అడాప్టర్ వెనక ఉన్న వెర్షన్ సంఖ్యను కూడా రాసిపెట్టుకోండి. లినక్స్ వాడేవారు కొనకముందే ఆ చిప్‌కు లినక్స్‌లో డ్రైవర్ ఉందో లేదో చూసుకోవాలి.

9.4 అమర్చే విధానం

కింది వివరాలు విండోస్ 10, విండోస్ 11లకు వర్తిస్తాయి. తెరమీద ఆంగ్లంలో కనిపించే పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం.

మెట్టు 1: పరికరాన్ని గుర్తించడం

అడాప్టర్‌ను నేరుగా కంప్యూటర్ పోర్టులో పెట్టండి. విద్యుత్ సరఫరా చాలని హబ్‌లలో కొన్ని అడాప్టర్లు సరిగా పనిచేయవు. డెస్క్‌టాప్‌కు ముందువైపు పోర్టు పనిచేయకపోతే వెనకవైపు పోర్టులో పెట్టి చూడండి. తరవాత స్టార్ట్ మీటమీద మౌస్ కుడి మీటను నొక్కి 'డివైస్ మేనేజర్' తెరవండి. 'నెట్‌వర్క్ అడాప్టర్స్' కింద గాని, 'అదర్ డివైసెస్' కింద గాని కొత్త పేరు కనిపించాలి. అడాప్టర్‌ను తీసి మళ్లీ పెడుతూ ఏ పేరు వచ్చి పోతోందో గమనిస్తే సులభంగా తెలుస్తుంది. ఏ పోర్టులో పెట్టినా, వేరే కంప్యూటర్‌లో పెట్టినా ఏ మార్పూ లేకపోతే అప్పుడు అడాప్టర్ పాడైందని అనుకోవచ్చు.

కొన్ని అడాప్టర్లు మొదట చిన్న సీడీ డ్రైవ్‌లాగా కనిపిస్తాయి. దీన్ని చూసి కంగారుపడవద్దు. వాటి డ్రైవర్ వాటిలోనే భద్రపరచి ఉంటుంది. ఆ డ్రైవ్‌ను తెరిచి డ్రైవర్‌ను ఇన్‌స్టాల్ చేస్తే, ఆ తరవాత అది నెట్‌వర్క్ అడాప్టర్‌గా కనిపిస్తుంది.

మెట్టు 2: డ్రైవర్

చాలా అడాప్టర్లకు విండోస్ తనకు తానే డ్రైవర్‌ను సమకూరుస్తుంది. సమకూర్చలేనప్పుడు పేరు పక్కన పసుపుపచ్చ త్రికోణం కనిపిస్తుంది. ఆ పేరుమీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఒక కోడ్ సంఖ్య కనిపిస్తుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదని అర్థం. కోడ్ 10 అంటే పరికరం ప్రారంభం కాలేదని, కోడ్ 22 అంటే పరికరాన్ని ఎవరో నిలిపివేశారని అర్థం. కోడ్ 22 వస్తే పేరుమీద కుడి మీట నొక్కి 'ఎనేబుల్' ఎంచుకొంటే సరిపోతుంది.

డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఈ చిక్కుకు మీ ఫోన్‌లోనే పరిష్కారం ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగులలో 'యు.ఎస్.బి. టెదరింగ్'ను ఆన్ చేయండి. కేబుల్ సమాచారాన్ని కూడా మోసే రకం అయి ఉండాలి. కొద్దిసేపట్లో కంప్యూటర్‌కు ఫోన్ ఇంటర్నెట్ అందుతుంది. అప్పుడు తయారీదారు అధికారిక వెబ్‌సైట్ నుంచి మీ మోడల్‌కూ, వెర్షన్‌కూ సరిపోయే డ్రైవర్‌ను దించుకోండి. 'ఉచిత డ్రైవర్లు' ఇస్తామనే అపరిచిత సైట్ల జోలికి పోవద్దు. అలాంటి చోట్ల డ్రైవర్‌తోపాటు హానికర ప్రోగ్రాములు కూడా రావచ్చు.

మెట్టు 3: రేడియో సంబంధం

తెర కింది కుడిమూలన ఉన్న నెట్‌వర్క్ గుర్తుమీద క్లిక్ చేయండి. వై-ఫై ఆన్‌లో, 'ఎయిర్‌ప్లేన్ మోడ్' ఆఫ్‌లో ఉండాలి. జాబితాలో మీ నెట్‌వర్క్ పేరును ఎంచుకొని పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉంటుందని మరవవద్దు.

పేరు కనిపిస్తున్నా పాత అడాప్టర్ కలవకపోతే భద్రతా పద్ధతిని చూడండి. రూటర్ డబ్ల్యూపీఏ3 పద్ధతిలో మాత్రమే ఉంటే, ఆ పద్ధతి తెలియని అడాప్టర్ కలవలేదు. రూటర్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ అనుమతించే ఎంపిక ఉంటే దాన్ని వాడండి. అంతేకాని పాస్‌వర్డ్ తీసివేయడం గాని, ఎప్పుడో ఛేదించిన డబ్ల్యూఈపీ పద్ధతికి మారడం గాని చేయకూడదు.

సిగ్నల్ బలహీనంగా ఉంటే అడాప్టర్ ఉన్న చోటు చూడండి. డెస్క్‌టాప్ ఇనుప పెట్టె వెనక, గోడకు ఆనుకొని ఉన్న అడాప్టర్‌కు తరంగాలు సరిగా అందవు. యు.ఎస్.బి. 3.0 పోర్టు నుంచి వెలువడే రేడియో రొద కూడా 2.4 పట్టీకి ఆటంకం కలిగిస్తుంది. ఒక మీటరు యు.ఎస్.బి. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో అడాప్టర్‌ను బల్లమీదికి తెస్తే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి.

మెట్టు 4: ఐ.పి. చిరునామా, ఇంటర్నెట్

'కనెక్టెడ్' అని కనిపించినంత మాత్రాన ఇంటర్నెట్ వచ్చినట్లు కాదు. సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్', ఆపైన 'వై-ఫై', ఆపైన మీ నెట్‌వర్క్ 'ప్రాపర్టీస్' తెరిచి ఐపీవీ4 చిరునామాను చూడండి. ఇళ్లలో అది సాధారణంగా 192.168తో గాని, 10తో గాని మొదలవుతుంది. 169.254తో మొదలయితే రూటర్ నుంచి చిరునామా రాలేదని, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకొందని గ్రహించాలి. అప్పుడు ఐ.పి. సెట్టింగు 'ఆటోమేటిక్'లో ఉందో లేదో చూసి, రూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయండి.

చిరునామా సరిగా ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే 'కమాండ్ ప్రాంప్ట్'లో పింగ్ ఆదేశం వాడండి. మొదట రూటర్ చిరునామాకు, తరవాత 8.8.8.8కు పింగ్ చేయండి. మొదటిదానికి జవాబు వచ్చి రెండోదానికి రాకపోతే లోపం సాధారణంగా రూటర్ అవతల, అంటే ఇంటర్నెట్ సంస్థ వైపు ఉంటుంది. రెంటికీ జవాబు వచ్చినా సైట్లు తెరుచుకోకపోతే, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ అమరికను చూడాలి.

పాత డెస్క్‌టాప్ వాడేవారు తేదీని కూడా చూసుకోవాలి. మదర్‌బోర్డుమీది చిన్న బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ ఆపినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు నెట్‌వర్క్ అంతా బాగున్నా, భద్రతా ధ్రువపత్రం చెల్లదంటూ బ్రౌజర్ సైట్లను తెరవదు.

9.5 అమర్చిన తరవాత జాగ్రత్తలు

- ఫోన్ హాట్‌స్పాట్‌తో చదువుకొనేవారు ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్'ను ఆన్ చేయాలి. లేకపోతే విండోస్ అప్‌డేట్లకే ఆ రోజు డేటా అంతా ఖర్చయి, పాఠం మధ్యలో ఆగిపోవచ్చు.
- బస్‌స్టాండు, గ్రంథాలయం వంటి చోట్ల నెట్‌వర్క్ రకాన్ని 'పబ్లిక్'గా ఉంచండి.
- కనెక్షన్ తరచు తెగిపోతుంటే డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ 'పవర్ మేనేజ్‌మెంట్' పేజీకి వెళ్లి, విద్యుత్ ఆదా కోసం పరికరాన్ని ఆపవచ్చనే గడిలోని టిక్కును తీసివేయండి.
- ఒకసారికి ఒకే మార్పు చేయండి. ఫలితం చూసి కాగితంమీద రాసుకోండి. ప్రయోజనం లేకపోతే పాత స్థితికి తెచ్చి తరవాతి మార్పుకు వెళ్లండి.

9.6 సారాంశం

అడాప్టర్ పనిచేయడంలో గుర్తింపు, డ్రైవర్, రేడియో సంబంధం, ఐ.పి. చిరునామా అనే నాలుగు మెట్లు ఉన్నాయి. ప్రతి మెట్టుకూ ఒక ఆనవాలు ఉంది: డివైస్ మేనేజర్‌లో పేరు, పసుపు త్రికోణం లేకపోవడం, జాబితాలో నెట్‌వర్క్ పేరు, 169.254 కాని చిరునామా. మొదట ఊహించిన సందర్భానికి తిరిగి వెళ్లండి. దీపం వెలిగిందంటే అడాప్టర్‌కు విద్యుత్తు అందిందని మాత్రమే తెలుస్తుంది. మిగిలిన ఆనవాళ్లను వరసగా చూసుకొంటే లోపం ఏ మెట్టుమీద ఉందో తేలుతుంది. అప్పటికీ సమయం చాలకపోతే అసైన్‌మెంట్‌ను యు.ఎస్.బి. టెదరింగ్‌తో పంపి, అడాప్టర్ సంగతి మర్నాడు తీరికగా చూసుకోవచ్చు.

9.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక అడాప్టర్‌కు పక్కింటి నెట్‌వర్క్‌లు కనిపిస్తున్నాయి, మీ ఫోన్ హాట్‌స్పాట్ మాత్రం కనిపించడం లేదు. కారణం ఏమై ఉండవచ్చు?
2. కోడ్ 28 కనిపించిన విద్యార్థి రూటర్‌ను ఆపి మళ్లీ వేశాడు. ఇది ఎందుకు ప్రయోజనం లేని పని?
3. ఐపీవీ4 చిరునామా 169.254తో మొదలయితే లోపం ఏ మెట్టులో ఉంది?

జవాబులు

1. హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఉండి, అడాప్టర్‌కు 2.4 పట్టీ మాత్రమే ఉండవచ్చు. ఫోన్‌లో హాట్‌స్పాట్‌ను 2.4కు మార్చి చూడాలి.
2. కోడ్ 28 రెండో మెట్టు లోపం. డ్రైవర్ లేని అడాప్టర్ రూటర్‌తో మాట్లాడలేదు.
3. నాలుగో మెట్టులో. రూటర్ నుంచి ఐ.పి. చిరునామా అందలేదు.

9.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. వైర్‌లెస్ యు.ఎస్.బి. అడాప్టర్‌ను ఎంచుకొనేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను వివరించండి.
2. అడాప్టర్ అమర్చిన తరవాత ఇంటర్నెట్ రాకపోతే లోపాన్ని గుర్తించే క్రమాన్ని ఉదాహరణలతో చర్చించండి.