పట్టు తప్పే నేల మీద కారు: ట్రాక్షన్ కంట్రోల్‌ను ఎప్పుడు ఆపాలి?

బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీ సత్యసాయి జిల్లాలోని సోమందేపల్లె మీదుగా పెనుకొండ వైపు సాగుతుంది. ఆ రహదారి దిగి పల్లెల వైపు మళ్లితే ఎర్ర గరుసు నేలల్లో మట్టిబాటలు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉండే వంకల్లో ఇసుక మేటలు, వాన పడిన రోజున చక్రాలు దిగబడే బురద ఎదురవుతాయి. దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాల్లో ఒకటైన ఈ పీఠభూమిలో వదులు నేల, వేగంగా సాగే తారు రోడ్డు ఇంత దగ్గరగా ఉండటం వల్ల, కారులోని ట్రాక్షన్ కంట్రోల్‌ను, స్టెబిలిటీ కంట్రోల్‌ను ఎప్పుడు ఆపవచ్చు, ఎప్పుడు ఆపకూడదు అన్న ప్రశ్నకు ఇక్కడ ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది.

ఈ సాంకేతికత ఈ ప్రాంతానికి దూరపు విషయమూ కాదు. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న కియా సంస్థ, సోమందేపల్లెకు పొరుగునే పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కర్మాగారం నెలకొల్పి, 2019 ఆగస్టులో సెల్టోస్ కారును మార్కెట్లోకి తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో విడుదలైన కారెన్స్‌లో స్టెబిలిటీ కంట్రోల్‌ను అన్ని రకాల్లోనూ అమర్చింది.

రెండు ఏర్పాట్లు, రెండు పనులు

టైరుకు, నేలకు మధ్య ఉండే పట్టును ట్రాక్షన్ అంటారు. ఇంజను శక్తిని కుడి ఎడమ చక్రాలకు పంచే డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక, మలుపుల్లో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగే వీలు కల్పిస్తుంది గాని, ఒక చక్రం ఇసుకలో పట్టు కోల్పోయినప్పుడు రెండోదానికి కూడా అంతే తక్కువ బలం అందడంతో, ఒకటి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంటే మరొకటి కదలకుండా ఉండిపోతుంది. ప్రతి చక్రం దగ్గరా ఉండే వేగ సెన్సర్ల ద్వారా దీన్ని పసిగట్టే ట్రాక్షన్ కంట్రోల్, జారే చక్రానికి బ్రేకు వేసి శక్తిని రెండో చక్రానికి మళ్లిస్తుంది, అవసరమైతే ఇంజను శక్తినే తగ్గిస్తుంది.

స్టెబిలిటీ కంట్రోల్ పని ఇంతకంటే విస్తృతమైనది. డ్రైవరు స్టీరింగు ఎటు తిప్పాడో ఒక సెన్సరు, కారు నిజంగా ఎటు తిరుగుతోందో మరొక సెన్సరు చెబుతుండగా, కంప్యూటరు ఆ రెంటినీ క్షణక్షణం పోల్చి చూస్తుంది. కారు మలుపు తిరగకుండా ముందుకే జారిపోతుంటే మలుపు లోపలి వైపు వెనుక చక్రానికి, వెనుక భాగం విసురుగా పక్కకు తిరుగుతుంటే మలుపు వెలుపలి వైపు ముందు చక్రానికి బ్రేకు వేసి కారును దారిలో పెడుతుంది. నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేకు పెడల్ ఉన్న డ్రైవరు, ఎంత అనుభవజ్ఞుడైనా, ఈ పనిని తన కాలితో చేయలేడు.

బాష్ సంస్థ రూపొందించిన ఈ ఏర్పాటు 1995లో మెర్సిడెస్ కార్లలో తొలిసారి వచ్చింది. 1997లో స్వీడన్‌లో ఒక పత్రిక జరిపిన పరీక్షలో, అడ్డువచ్చిన జంతువును తప్పించే తీరున స్టీరింగు తిప్పగా మెర్సిడెస్ ఏ-క్లాస్ కారు బోల్తా పడటంతో, ఆ సంస్థ ఆ చిన్న కారులోనూ దీన్ని తప్పనిసరిగా అమర్చింది. కార్లు ఒంటరిగా అదుపుతప్పే ప్రమాదాలను ఇది 34 శాతం, ఎస్‌యూవీల విషయంలో 59 శాతం తగ్గిస్తుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా వేసింది. అక్కడ 2012 మోడళ్ల నుంచి ప్రతి కొత్త కారులోనూ ఇది ఉండాలన్న నిబంధన అమలైంది. భారతదేశంలో 2023 అక్టోబరులో మొదలైన, కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో మూడు నక్షత్రాలు, ఆపై స్థాయి పొందాలంటే కారులో ఇది ఉండి తీరాలి.

ఆపవలసిన సందర్భం

ఇంత మేలు చేసే ఏర్పాటును ఆపే మీట ఎందుకన్న సందేహానికి సమాధానం ఎండిన వంకలోని ఇసుకలోనే దొరుకుతుంది. మెత్తని ఇసుకను దాటే కారుకు ఊపు ముఖ్యం. ఆ ఇసుకలో చక్రాలు కొంత జారుతూ తిరగడం సహజమే అయినా, ట్రాక్షన్ కంట్రోల్ దాన్ని ప్రమాదంగా భావించి ఇంజను శక్తిని తగ్గించడం వల్ల, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు ముందుకు రాక దిగబడుతుంది. అటువంటప్పుడు, అదీ నిదానమైన వేగంలోనే, దాన్ని ఆపడం సమంజసం. అయితే ఒక్క చక్రమే బురదలో ఉండి రెండోది గట్టి నేల మీద ఉన్నప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ వేసే బ్రేకే కారును బయటపడేయగలదు గనుక, మొదట దాన్ని ఉంచి ప్రయత్నించి, ఫలించకపోతేనే ఆపడం మంచిది. సెల్టోస్ కొన్ని రకాల్లో ఉన్న బురద, ఇసుక వంటి మోడ్‌లు నేలకు తగినట్టు ఈ నియంత్రణను సర్దుతాయి. అవి ఉన్న కారులో ముందు వాటినే వాడాలి.

హ్యుందాయ్, కియా కార్లలో మీటను కొద్దిసేపు నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది, మూడు సెకన్లకు మించి నొక్కి పట్టుకుంటే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆగిపోతుంది. ఇసుక దాటడానికి మొదటిది చాలు. జారిన గుర్తుల మీద కారు బొమ్మ ఉండే దీపం మిణుకుమిణుకుమంటే ఏర్పాటు పని చేస్తోందని, ఆఫ్ అన్న అక్షరాలతో నిలకడగా వెలుగుతుంటే ఆపివేసి ఉందని అర్థం.

ఆపకూడని చోటు

అసలు ప్రమాదం ఇసుకలో కాదు, ఇసుక దాటిన తరువాత ఉంది. స్టెబిలిటీ కంట్రోల్‌ను కూడా ఆపిన సంగతి మరచి రహదారి ఎక్కించిన కారు, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు పోతుంది. ఉన్నట్టుండి గొర్రెల మంద అడ్డు వచ్చినా, నెలల తరబడి పేరుకున్న దుమ్ము, నూనె తొలకరి చినుకులతో కలిసి తారును జారుడుగా మార్చినా, కాపు కాసే కంప్యూటరు అప్పుడు మౌనంగా ఉంటుంది. పల్లె రోడ్ల మీద నూర్పిడి కోసం పరిచే ఉలవ కట్టె, కంది కట్టె మీద కూడా టైర్లకు పట్టు అంతంతమాత్రమే. పైగా అరిగిన టైరుకు ఏ ఎలక్ట్రానిక్ ఏర్పాటూ పట్టును పుట్టించలేదు గనుక, నిబంధన ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేస్తే ఈ కార్లలో రెండు ఏర్పాట్లూ తిరిగి మొదలవుతాయి గాని, వంక దాటిన వెంటనే ఇంజను ఆపే అవసరం రాదు. అందువల్ల మీటను మళ్లీ నొక్కి, దీపం ఆరిందో లేదో చూసి, ఆ తరువాతే రహదారి ఎక్కే అలవాటును డ్రైవింగ్ స్కూళ్లు క్లచ్, గేర్లతో పాటు మొదటి పాఠాల్లోనే నేర్పాలి. ఇలాంటి కార్లు తయారయ్యే గడ్డ మీద ఆ చదువు అందరికంటే ముందుగా అందడం న్యాయం.