వీపు మీద విడిది

మన దేశంలో వేట విడిది అనగానే పాతతరం వారికి జ్ఞాపకం వచ్చే దృశ్యం వేరు. ఏనుగుల మీద డేరాలు, మడత మంచాలు, వంటవాళ్ళు, ముందు రోజే వెళ్ళి నేల చదును చేసే కూలీలు! జమీందారు గాని, తెల్లదొర గాని అడవికి బయలుదేరితే చిన్న ఊరొకటి కదిలినట్లుండేది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి జరిగిన సవరణ ఆ వైభవానికి తెర దించాయి. అమెరికాలోని రాకీ పర్వతాలలో మాత్రం శరదృతువు రాగానే లైసెన్సు పుచ్చుకుని ఎల్క్ వేటకు పోయేవారు ఇప్పటికీ వేలాది మంది ఉన్నారు. వారిలో కొందరు గుర్రాలు లేకుండా, మనుషుల సాయం లేకుండా, కావలసినదంతా వీపుకు కట్టుకుని రోడ్డుకు ఏ ఎనిమిది కిలోమీటర్ల అవతలికో నడిచిపోతారు.

ఇది కేవలం సరదా కాదు. 1964లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం ప్రకారం, సహజారణ్యాలుగా ప్రకటించిన ప్రాంతాలలో మోటారు వాహనమే కాదు, సైకిలు కూడా తిరగరాదు. మాంసం లాగే రెండు చక్రాల తోపుడు బండికీ అనుమతి లేదు. మొంటానా రాష్ట్రంలో 10 లక్షల ఎకరాలకు పైగా విస్తరించిన బాబ్ మార్షల్ అరణ్యం అటువంటిదే. పైగా ఎల్క్‌లు తెలివైనవి. తుపాకుల మోత మొదలైన కొద్ది రోజులకే రోడ్లు వదిలి లోపలి లోయలలోకి తప్పుకుంటాయి. వాటి వెంట పోదలచినవాడు అక్కడే రాత్రులు గడపక తప్పదు.

ఎల్క్ మన కణుజు జాతికి దూరపు బంధువు. పరిమాణంలో మాత్రం దాన్ని మించినది. ఎదిగిన మగది 300 కిలోలు తూగుతుంది. ఎముకలన్నీ తీసివేసినా 80 నుంచి 100 కిలోల మాంసం మిగులుతుంది. ఒంటరి మనిషి దానిని దఫాకు 25 కిలోల చొప్పున మోస్తే నాలుగు దఫాలు. రోడ్డు 8 కిలోమీటర్ల దూరంలో ఉంటే, బరువుతో నాలుగుసార్లు దిగి, ఖాళీగా మూడుసార్లు ఎక్కాలి. మొత్తం 56 కిలోమీటర్ల నడక! విడిది సామాను బరువైనదైతే దాని కోసం ఇంకొకసారి వచ్చి పోవాలి. 56 కాస్తా 72 అవుతుంది. విడిది 10 కిలోలకు లోబడితే చివరి మాంసం మూట మీదనే కట్టి తేవచ్చు. తిరుగు ప్రయాణపు లెక్క ఇది. విడిదిలో ప్రతి వస్తువునూ ఈ లెక్కతోనే తూచాలి.

తేలిక విడిది నేటి కొత్త మోజేమీ కాదు. పెన్సిల్వేనియాలో చెప్పులు కుట్టి బ్రతికిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్, ‘నెస్‌మక్’ అనే కలంపేరుతో పత్రికలకు వ్రాసేవాడు. పొట్టివాడు, బక్కపలచని మనిషి, దానికి తోడు క్షయ. బరువు మోసే శక్తి లేదు గనుకనే బరువు తగ్గించే విద్య నేర్చుకున్నాడు. 1883లో 10.5 పౌన్ల, అంటే 5 కిలోలైనా తూగని, చిన్న పడవతో న్యూయార్కు రాష్ట్రపు అడిరాండాక్ సరస్సులలో తిరిగివచ్చాడు. మరుసటి ఏట అతడు వెలువరించిన ‘వుడ్‌క్రాఫ్ట్’ అనే పుస్తకానికి ఈనాటికీ పాఠకులున్నారు.

అతని నూనె గుడ్డ స్థానంలో ఇప్పుడు సిలికాన్ పూసిన నైలాన్ గుడ్డ వచ్చింది. అడుగు లేని గోపురం వంటి డేరా, నడుమ ఒకే గుంజ. మొత్తం ఒకటిన్నర కిలోకు మించదు. చేతికర్రే గుంజగా పనికివస్తుంది. పక్కకు బాతు నూగు కూరిన సంచి తేలిక, వెచ్చన. అయితే తడిసిందా, గడ్డకట్టిన పత్తితో సమానం. అందుకే వాన ఎక్కువగా కురిసే చోట కొంత బరువైనా కృత్రిమపు దూదే మేలు. నూలు బట్టలు అసలే పనికిరావు. సెప్టెంబరులో పగలు చెమటలు పడతాయి, తెల్లవారేసరికి నీళ్ళు గడ్డకడతాయి. తడి నూలు ఒంటి వేడిని పీల్చేస్తుంది. నీళ్ళ వడపోత గొట్టం కూడా రాత్రి పక్కలోకి రావలసిందే. అందులోని సన్నని నాళాలు ఒకసారి గడ్డకట్టి పగిలితే, పైకి బాగానే కనిపిస్తూ క్రిములను వదిలేస్తుంది.

బరువు తగ్గించే పిచ్చి ముదిరి పళ్ళ బ్రష్షు పిడి కోసుకునే ప్రబుద్ధులు కూడా ఉన్నారు. కోసుకోనివ్వండి. పొడి బట్టల జత ఒకటి, తలదీపం, కట్టుగుడ్డలు, ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న యంత్రం: వీటిలో ఏ ఒక్కటి తగ్గించినా అది తెలివి కాదు.

చోటు ఎంచుకోవడం మరొక విద్య. నీరు దగ్గరని సెలయేటి ఒడ్డున దిగడం కొత్తవారి అలవాటు. చల్లని గాలి బరువైనది. రాత్రి వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. కొంచెం పైనున్న చదును మెట్ట దానికన్నా వెచ్చగా ఉంటుంది. చుట్టూ చచ్చి నిలిచిన చెట్లున్నాయేమో తలెత్తి చూడాలి. బెరడు పురుగు తొలిచిన మాను గాలివానకు డేరా మీద కూలవచ్చు. ఎండ ఎక్కేకొద్దీ గాలి కొండ మీదికి పాకుతుంది, సాయంత్రం కిందికి దిగుతుంది. మనిషి వాసన దానితోనే పోతుంది. ఎల్క్ మేసే చోటికి కనీసం ఒక కిలోమీటరు ఎడంగా, గాలి అటు పోని వైపున దిగడమే యుక్తం.

ఇక గ్రిజ్లీ ఎలుగు. శీతకాలపు నిద్రకు ముందు అది రోజంతా తిండి వెతుకుతూ తిరుగుతుంది. ఆ అడవులలో తిండి సామాను నేలకు 10 అడుగుల ఎత్తున, మానుకు 4 అడుగుల ఎడంగా వేలాడదీయాలని నియమం. వంట డేరాకు సుమారు 100 గజాల అవతల. మాంసం మూటలు ఇంకా దూరాన, చెట్ల నీడలో, దూరం నుంచే కంటబడేటట్లు కట్టాలి. రెండో దఫాకు తిరిగి వచ్చేవాడు ముందుగా ఆగి చూస్తాడు, గట్టిగా అరుస్తాడు. అప్పటికే ఎలుగు దాన్ని తన సొత్తు చేసుకుని ఉండవచ్చు.

ఎలుగు కంటే వేడి తొందరపెడుతుంది. తోలు వెంటనే వొలిచి, తొడలు, జబ్బలు విడదీసి, గాలి ఆడే గుడ్డ సంచులలో వేలాడదీయకపోతే లావు తొడ ఎముక పక్కనే మొదట కుళ్ళుతుంది. తినదగిన మాంసం అడవిలో వదిలిరావడం మొంటానాలో నేరం. అలాస్కాలో మాంసం కన్నా ముందు కొమ్ములు బయటికి తేరాదు. కనుక ఎండ కాసే సెప్టెంబరు సాయంత్రాన, విడిదికి మరో లోయ అవతల, ఏడాదంతా కలవరించిన మగ ఎల్క్ ఎదుట నిలిచినా, ఒంటరి వేటగాడు కొన్నిసార్లు దారి పొడవును, రేపటి ఎండను మనసులో లెక్కవేసుకుని, తుపాకి దించి, చీకటిపడక ముందే డేరా చేరుకుంటాడు.