కంప్యూటర్ లేవకపోతే ముందు యూఎస్‌బీ చూడండి



పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే మాకు తెలిసిన పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు. "బాబూ, కంప్యూటర్ లేవడం లేదు. షాపు వాళ్ళకి ఫోన్ చేస్తే హార్డ్ డిస్క్ పోయుంటుంది, ఫార్మాట్ చెయ్యాలన్నారు. మా ఆవిడ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి" అన్నారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. వేరే కాపీ లేదు.

వెళ్ళి చూశాను. నల్లటి తెర మీద, డిస్కు తీసేసి ఏదైనా మీట నొక్కమని ఇంగ్లీషులో ఒక వాక్యం. పాత డెస్క్‌టాప్. వెనక్కి వంగి చూస్తే ఒక పెన్ డ్రైవ్ కనిపించింది. కార్లో వినడానికి మనవడు పాటలు ఎక్కించి, అక్కడే మరిచిపోయాడట. అది లాగేసి మళ్ళీ ఆన్ చేస్తే విండోస్ వచ్చేసింది.

ఇలా ఎందుకవుతుందంటే, మనం బటన్ నొక్కగానే మొదట లేచేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న ప్రోగ్రామ్. పాత యంత్రాల్లో దాన్ని బయోస్ అంటారు, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది. మొదటి పేరు ఎవరిదైతే వాళ్ళ తలుపే తడుతుంది. బయోస్‌కి లోపలినుంచి ఎవరో "ఊఁ" అంటే చాలు, రెండో ఇంటికి వెళ్ళదు. పాటల పెన్ డ్రైవ్ కూడా "ఊఁ" అనగలదు, కానీ లోపల విండోస్ ఉండదు.

యూఈఎఫ్ఐ మామూలు పెన్ డ్రైవ్‌ని సాధారణంగా దాటేస్తుంది. విండోస్ ఇన్‌స్టాల్ చేసే డ్రైవ్‌ని మాత్రం తెరవచ్చు. అలాంటి తెర వస్తే కంగారులో "నెక్స్ట్" నొక్కకండి. డిస్కు చెరిగిపోయే ప్రమాదం అక్కడే ఉంది.

ఇక చెయ్యవలసినవి. కంప్యూటర్ పూర్తిగా ఆపి, కీబోర్డు, మౌస్ తప్ప యూఎస్‌బీ వన్నీ తీసేయండి. ప్రింటర్, హబ్, ఫోన్ ఛార్జింగ్ వైరు కూడా. మెమరీ కార్డు పెట్టుకునే ప్రింటర్ కూడా డిస్కులా కనిపించవచ్చు. అప్పుడు ఆన్ చెయ్యండి. లేస్తే, ఒక్కొక్కటి తగిలిస్తూ ప్రతిసారీ రీస్టార్ట్ చెయ్యండి. ఏది పెడితే ఆగుతుందో అదే దోషి. లేవకపోతే కీబోర్డు, మౌస్ కూడా తీసి చూడండి.

దోషి దొరికాక జాబితా సరిచెయ్యాలి. ఆన్ చెయ్యగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే చాలా యంత్రాల్లో సెట్టింగులు వస్తాయి. బూట్ అన్నచోట లోపలి డిస్కుని, కొత్తవాటిలో విండోస్ బూట్ మేనేజర్‌ని, మొదట పెట్టి సేవ్ చెయ్యండి.

ఒక జాగ్రత్త. విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటుంది. ఈ సెట్టింగులు మారిస్తే అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. చాలామందికి అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

అన్నీ తీసేసినా లేవకపోతే అప్పుడు డిస్కుని అనుమానించండి. అప్పుడు కూడా ఫార్మాట్ వద్దు. డిస్కుని వేరే కంప్యూటర్‌కి తగిలించి, ఫైళ్ళు కాపీ చేయించుకున్నాకే మిగతా మాట.

ఆ సాయంత్రం పెద్దాయన ఫోటోలు ఒక బయటి డిస్కులోకి ఎక్కించాం. పని అవగానే దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టమన్నాను. తగిలించే ఉంచితే మళ్ళీ నాకే ఫోన్ వస్తుంది కదా!