గ్రానైట్‌లో పొటాషియం ఉనికిని చూపే లేజర్ వర్ణపట విశ్లేషణ

హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు చేరే బంతి, చామంతులలో నగరం చుట్టుపక్కల ఎర్రచల్క నేలల్లో పండినవీ ఉంటాయి. ఈ చల్కలకు మాతృశిల గ్రానైట్. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. రాయిని పగులగొట్టి చూస్తే గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజు వంటి క్వార్ట్జ్, నల్లని బయొటైట్ అభ్రకం కంటికే కనిపిస్తాయి. నేలలోని సహజ పొటాషియం ప్రధానంగా ఫెల్డ్‌స్పార్, అభ్రకాల నుండే వస్తుంది. రాయిని పొడిచేసి, ఆమ్లంలో కరిగించి విశ్లేషించినపుడు మొత్తం పొటాషియం ఎంతో తెలుస్తుంది గాని, అది ఏ ఖనిజంలో ఉన్నదో తెలియదు. పంటకు మాత్రం ఆ రెండవ విషయమే ముఖ్యం. ఆర్థోక్లేస్ ఫెల్డ్‌స్పార్‌లో సిద్ధాంతరీత్యా 16.9 శాతం పొటాషియం ఆక్సైడు ఉండగా, బయొటైట్‌లో అది సుమారు 9 శాతమే. అయినను బయొటైట్ పొరల మధ్యనున్న పొటాషియమే త్వరగా విడుదలవుతుంది; ఫెల్డ్‌స్పార్ చట్రంలో బిగిసినది బహు నిదానంగా వదులుతుంది.

ఈ తేడాను రాయిని కరిగించకుండానే చూపగలది లేజర్ ఇండ్యూస్డ్ బ్రేక్‌డౌన్ స్పెక్ట్రోస్కోపీ, క్లుప్తంగా లిబ్స్. కొన్ని నానోసెకన్ల నిడివి గల లేజర్ స్పందనను రాతిపై ఒక సూక్ష్మ బిందువు వద్ద కేంద్రీకరిస్తే, అక్కడి పదార్థం లేశమాత్రం ఆవిరై ప్లాస్మాగా మారుతుంది. ప్లాస్మా చల్లారుతున్న కొద్దీ ప్రతి మూలకం తనకే ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యాల వద్ద కాంతిని వెలువరిస్తుంది: పొటాషియం 766.5, 769.9 నానోమీటర్ల వద్ద, సోడియం 589 వద్ద, మెగ్నీషియం 280 సమీపంలో. తొలి క్షణాల్లో వెలువడే అవిచ్ఛిన్న కాంతి ఈ రేఖలను కప్పివేస్తుంది కనుక, కొద్దిపాటి వ్యవధి ఇచ్చి కొలతను ఆరంభిస్తారు.

నమూనాను క్రమంగా జరుపుతూ పోతే పటం తయారవుతుంది. ఒక చదరపు సెంటీమీటరును 100 మైక్రాన్ల ఎడంతో కొలిస్తే 10,000 బిందువులు. సెకనుకు 10 స్పందనల చొప్పున పదిహేడు నిమిషాల పని. పొటాషియం పటంపై మెగ్నీషియం, ఇనుము పటాలను ఉంచి చూసినపుడు మూడూ కలిసే చోటు బయొటైట్. పొటాషియం ఉండి మిగిలిన రెండూ లేనిది, అల్యూమినియం, సిలికాన్ గలది ఫెల్డ్‌స్పార్. మొరంగా మారుతున్న రాతిలో మెగ్నీషియం, ఇనుము నిలిచి ఉండి అభ్రకపు అంచుల్లో పొటాషియం మాత్రం తగ్గితే, శైథిల్యం ఎక్కడ మొదలైనదో ఆ పటమే చూపుతుంది. వ్యవసాయ శాస్త్రజ్ఞునికి ఈ పద్ధతిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

నమూనా తయారీ అంతగా అక్కరలేకపోవడం వల్లనే ఈ పరికరం ప్రయోగశాలను మోసుకుపోలేని చోట్లకూ చేరింది. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్‌పైనున్న లిబ్స్ చంద్రుని దక్షిణ ధ్రువ సమీపంలో గంధకాన్ని నిర్ధారించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని అక్రెమ్ కేంద్రంలో పేలుడు పదార్థాల గుర్తింపుకై దీనిపై పరిశోధనలు జరిగాయి.

అయితే కాంతి తీవ్రతను నేరుగా శాతంగా చదువరాదు. ఖనిజపు కాఠిన్యం, లేజర్‌ను గ్రహించే తీరు మారితే తీవ్రతా మారుతుంది. పొటాషియం అధికంగా ఉన్నచోట ప్లాస్మా తన కాంతిని తానే కొంత గ్రహించుకుని, ఉన్నదానికంటే తక్కువగా చూపుతుంది. తెలిసిన ఖనిజాలతో క్రమాంకనం తప్పనిసరి. మొరం పొడిపొడిగా రాలుతుంది గనుక రెసిన్‌లో పోతపోసి నునుపు చేయాలి. అన్నిటికీ మించి, పటం చూపేది రాతి నిల్వను. ఎరువుల సిఫారసుకు ఆధారం అమోనియం అసిటేట్‌తో తేల్చిన లభ్య పొటాష్. ఒకే గుంట నుండి తాజా శిల, మొరం, పైమట్టి మూడింటినీ సేకరించి రెండు పరీక్షలనూ జోడిస్తేనే నిల్వకు, లభ్యతకు గల సంబంధం తేలుతుంది.