దారిలో ఆగిన సొమ్ము: లావాదేవీల గొలుసులో లోపాలు, దిద్దుబాట్లు

ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లాలో, నోయిడాను ఆనుకొని ఉన్న ఇందిరాపురం బహుళ అంతస్తుల నివాసాలతో నిండిన ప్రాంతం. ఉద్యోగరీత్యా దేశం నలుమూలల నుండి వచ్చినవారు అక్కడ కాపురముంటున్నారు. అట్టివారిలో ఒక తెలుగు ఉద్యోగి, గుంటూరు ఆసుపత్రిలో ఉన్న తల్లి వైద్యం నిమిత్తం తమ్మునికి 5,000 రూపాయలు సెల్‌ఫోను ద్వారా పంపినాడనుకొందాం. ఆయన ఖాతాలో సొమ్ము తగ్గినది. తమ్ముని ఖాతాలో చేరలేదు. ఫోను తెర మీద “వేచి ఉండండి” అన్న మాట తప్ప మరేమీ లేదు. మరల పంపితే మొదటిది కూడా చేరి రెండింతలు ఇచ్చినట్లు కావచ్చు. పంపకపోతే అక్కడ ఆసుపత్రి ఆగదు.

ఈ చిక్కు ఒక మనిషికి, ఒక బ్యాంకుకు పరిమితమైనది కాదు. యూ.పి.ఐ. అని వ్యవహరించే ఏకీకృత చెల్లింపుల విధానంలో 2025 ఆగస్టు నెలలో జరిగిన లావాదేవీలు 2,000 కోట్లను దాటినవి. వీటిలో పదివేలకు ఒక్కటి మాత్రమే దారి తప్పుతుందనుకొన్నా, నెలకు 20 లక్షల మంది ఆ ఉద్యోగి స్థితిలో ఉంటారు. కనుక లోపం వచ్చినప్పుడు ఏమి చేయవలెనన్నది సక్రమంగా నడిచే మార్గంతో సమానంగా ముందే ఆలోచించి పెట్టుకోవలసిన విషయం.

సొమ్ము నడిచే మార్గం

ఫోనులోని మీట నొక్కగానే కోరిక మొదట ఆ యాప్‌కు ఆధారమైన బ్యాంకుకు, అక్కడి నుండి జాతీయ చెల్లింపుల సంస్థ స్విచ్‌కు చేరుతుంది. స్విచ్ పంపువాని బ్యాంకును సొమ్ము తగ్గించమని అడుగుతుంది. తగ్గించినట్లు జవాబు రాగానే, పొందువాని బ్యాంకును సొమ్ము జమ చేయమని అడుగుతుంది. ఆ జవాబు కూడా వచ్చిన పిమ్మట ఇరువురికీ కబురు పోతుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని. అయితే ఈ సంస్థలన్నీ వేటికవే స్వతంత్రమైనవి. ఒకదాని లెక్కల పుస్తకాన్ని మరొకటి తెరచి చూడజాలదు. వాటి మధ్య నడిచేవి కబుర్లు మాత్రమే.

ఇట్టి గొలుసును మన దేశంలో అల్లిన తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది హైదరాబాదులో జరిగినది. రిజర్వు బ్యాంకు 1996లో అక్కడ నెలకొల్పిన బ్యాంకింగ్ టెక్నాలజీ అభివృద్ధి, పరిశోధన సంస్థ, 2004 ఆగస్టు 27న నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను ప్రారంభించినది. అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు కడప జిల్లాకు చెందిన శ్రీ వై.వి. రెడ్డి. తొలుత మూడు బ్యాంకుల ఏ.టి.ఎం.లు మాత్రమే దానితో కలిసినవి. 2009 డిసెంబరులో ఆ స్విచ్ నిర్వహణ జాతీయ చెల్లింపుల సంస్థకు మారినది. ఒక బ్యాంకు కార్డుతో మరొక బ్యాంకు యంత్రంలో నోట్లు తీసుకొనే వీలు కలుగగానే, ఖాతాలో సొమ్ము తగ్గి యంత్రం నుండి నోట్లు బయటకు రాకపోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కూడా దాని వెంటే వచ్చినది.

“కాదు” అన్న జవాబు, జవాబే లేకపోవడం

లోపాలన్నీ ఒక జాతివి కావు. రహస్య సంఖ్య తప్పు కొట్టడం, ఖాతాలో చాలినంత సొమ్ము లేకపోవడం, రోజువారీ పరిమితి దాటడం మొదటి తరగతి. చెల్లింపుల సంస్థ వీటిని వ్యాపార తిరస్కరణలుగా లెక్కిస్తుంది. ఇక్కడ వ్యవస్థ సరిగానే పనిచేసినది, కూడదని చెప్పినది. ఎన్నిసార్లు అడిగినా జవాబు మారదు కనుక కారణం స్పష్టంగా తెలిపి ఊరకుండడమే తగినది. బ్యాంకు యంత్రాలు పనిచేయకపోవడం, సంబంధం తెగిపోవడం సాంకేతిక తిరస్కరణలు. కొంచెం ఆగి మరల ప్రయత్నిస్తే ఇవి సాధారణంగా తొలగిపోతాయి.

అసలు చిక్కు మూడవదానితో ఉన్నది. అడిగిన ప్రశ్నకు గడువులోగా ఏ జవాబూ రాదు. ప్రశ్న చేరకపోయి ఉండవచ్చు. లేదా ప్రశ్న చేరి, పని కూడా పూర్తయి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. అడిగినవానికి ఈ రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. దీనిని “విఫలమైనది” అని తెర మీద చూపడం పొరపాటు మాత్రమే కాదు, నష్టదాయకం. తెలియనిదానిని తెలియదని చెప్పే యాప్ వినియోగదారునికి ఎక్కువ మేలు చేస్తుంది.

యూ.పి.ఐ.లో ఈ నిశ్శబ్దానికి రెండు చోట్ల రెండు భిన్నమైన స్పందనలు ఏర్పరచినారు. పంపువాని బ్యాంకు జవాబివ్వకపోతే లావాదేవీని అక్కడే నిలిపి, సొమ్ము తగ్గించి ఉంటే తిరిగి వేయమని స్విచ్ కబురు పంపుతుంది. అప్పటికి సొమ్ము ఎవరికీ ముట్టలేదు కనుక తిరిగి వేయడంలో ప్రమాదం లేదు. పొందువాని బ్యాంకు జవాబివ్వకపోతే మాత్రం సొమ్మును వెంటనే వెనుకకు ఇవ్వరు, ఆమోదించినట్లే భావిస్తారు. అక్కడ జమ జరిగి ఉండి, ఇక్కడ కూడా తిరిగి ఇస్తే ఒకే సొమ్ము ఇద్దరికి ముడుతుంది. అందువలన ఆ బ్యాంకు తన లెక్కలు సరిచూసుకొని, జమ చేయడమో తిప్పి పంపడమో తేల్చేవరకు సొమ్ము మధ్యలో ఉంటుంది. ఇందిరాపురం ఉద్యోగి తెర మీద కనిపించిన “వేచి ఉండండి” అన్న మాటకు అర్థమిదే.

పద్దు చెరపడం కాదు, ఎదురు పద్దు వ్రాయడం

జరిగితే అంతా జరగాలి, లేకపోతే ఏదీ జరగరాదన్న నియమం ఒకే బ్యాంకు లెక్కల పుస్తకంలో సాధ్యం. అనేక సంస్థల నడుమ అదే పట్టుపడితే, ఒకటి జవాబిచ్చేవరకు తక్కినవన్నీ తమ ఖాతాలకు తాళం వేసుకొని కూర్చోవలసి వస్తుంది. 1987లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెక్టర్ గార్సియా మొలీనా, కెనెత్ సేలం దీనికి మరొక మార్గం చూపినారు. సుదీర్ఘమైన పనిని చిన్న అంచెలుగా విడదీసి, ప్రతి అంచెకు దాని ఫలితాన్ని సరిపుచ్చే ఎదురు పనిని ముందే నిర్ణయించి ఉంచాలన్నది వారి ప్రతిపాదన. దీనికి “సాగా” అని పేరు పెట్టినారు. సంస్థల మధ్య పనులను కూర్చే బీపెల్ అనే భాషకు 2007లో ప్రమాణం వెలువడినప్పుడు, లోపాన్ని అందుకొనే భాగానికీ, జరిగినదానిని సరిపుచ్చే భాగానికీ అందులో విడివిడిగా చోటు కల్పించినారు.

మన గుమాస్తాలకు ఇది కొత్త సంగతి కాదు. చిట్టాలో తప్పు పద్దు పడితే గీకి చెరపరు, దానికి ఎదురు పద్దు వ్రాస్తారు. తప్పూ నిలుస్తుంది, దిద్దుబాటూ నిలుస్తుంది, తనిఖీకి వచ్చినవారికి రెండూ కనిపిస్తాయి. కంప్యూటర్ శాస్త్రం దీనిని శాస్త్రీయంగా నిరూపించడానికి చాలాకాలం ముందే అంగళ్ళలో ఈ పద్ధతి నడిచినది.

మరల అడగడంలోని ప్రమాదం

జవాబు రాకపోతే మరల అడగడం మానవ సహజం, యంత్ర సహజం కూడా. అయితే ఆ రెండవ అభ్యర్థన రెండవ చెల్లింపుగా మారకూడదు. ఇందుకోసమే ప్రతి లావాదేవీకి ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య ఉంటుంది. అదే సంఖ్యతో మరల వచ్చిన కోరికను కొత్తదిగా భావించక తోసిపుచ్చగలిగితే నష్టం లేదు. ఫోను మీద మీటను మరల నొక్కినప్పుడు మాత్రం కొత్త సంఖ్య పుడుతుంది. ఆ పిమ్మట యంత్రం దృష్టిలో అవి రెండు వేర్వేరు కోరికలు.

చెల్లించమని కాక, ఏమైనదో చెప్పమని మాత్రమే అడిగినా ముప్పు తప్పదని 2025 ఏప్రిల్ 12 నాటి అంతరాయం తెలిపినది. లావాదేవీ స్థితిని తెలుపమనే విచారణలు బ్యాంకుల నుండి వెల్లువగా రావడం, పాత లావాదేవీల గురించి కూడా పదే పదే అడగడం ఆ నాటి ఒత్తిడికి కారణమని తేలినది. జవాబు ఆలస్యమైతే విచారణలు పెరుగుతాయి, విచారణలు పెరిగితే జవాబు ఇంకా ఆలస్యమవుతుంది. తదుపరి చెల్లింపుల సంస్థ, కొంత వ్యవధి ఆగిన తరువాతే విచారించాలనీ, రెండు గంటలలో మూడు పర్యాయాలకు మించరాదనీ, కొన్ని రకాల జవాబులు వస్తే లావాదేవీ విఫలమైనట్లే భావించి మరల అడుగరాదనీ బ్యాంకులను ఆదేశించినది. చెల్లింపు జవాబుకు ఉన్న గడువును 2025 జూన్ నుండి 30 సెకన్ల బదులు 15 సెకన్లకు కుదించినారు.

ఎన్ని ప్రయత్నాలు చేసినా తెమలని కబుర్లను కంప్యూటర్ వ్యవస్థలలో “డెడ్ లెటర్” వరుస అనే వేరొక చోట ఉంచుతారు. చిరునామా దొరకని ఉత్తరాలు చేరే తపాలా కార్యాలయపు పాత పేరే దీనికి వచ్చినది. అక్కడ యంత్రం పని ముగిసి, మనిషి పని మొదలవుతుంది.

గడువు, పరిహారం

మనిషి పనికి గడువు పెట్టకపోతే సొమ్ము దారిలోనే ఉండిపోతుంది. ఏ.టి.ఎం. లావాదేవీ విఫలమైనప్పుడు 12 పనిదినాలలోగా సొమ్ము తిరిగి వేయాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2009లో నిర్దేశించినది. 2011 జూలై నుండి ఆ గడువు 7 పనిదినాలైనది. 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తర్వు దీనిని 5 రోజులకు తగ్గించడమే గాక, ఇతర విధానాలకు కూడా గడువులు ఏర్పరచినది. యూ.పి.ఐ.లో ఒకరికొకరు పంపుకొన్న సొమ్ము జమ కాకపోతే మరునాటికల్లా తిరిగి చేరాలి. వర్తకునికి చెల్లించినప్పుడు ధ్రువీకరణ అందకపోతే 5 రోజుల గడువు ఉన్నది. ఆలస్యానికి రోజుకు 100 రూపాయలు.

ఆ ఉత్తర్వులో అంతగా ప్రచారంలోకి రాని అంశమొకటి ఉన్నది. వినియోగదారుడు ఫిర్యాదు చేసేవరకు వేచి ఉండక, బ్యాంకు తనంతట తానే పరిహారాన్ని ఖాతాలో జమ చేయవలెను. అట్లు జరగనప్పుడు యాప్‌లోనో, బ్యాంకులోనో ఫిర్యాదు నమోదు చేసి, అక్కడ పరిష్కారం లభించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. ఫిర్యాదుకు లావాదేవీ తేదీ, మొత్తం, 12 అంకెల రిఫరెన్సు సంఖ్య అవసరం. ఆ సంఖ్య ఆధారంగానే రెండు బ్యాంకులూ, స్విచ్చీ తమ తమ పుస్తకాలలో ఒకే పద్దును వెదకి పట్టుకొంటాయి.