పళ్లు లెక్కిస్తారు... ఏళ్లు లెక్కించరు!

పందెంలో దూడకు ఓ న్యాయం, కోడెకు ఓ న్యాయం ఉంది. మరి వయసు మళ్లిన ఎద్దుకు? పాత గుర్రానికి?

మనిషికి అరవై ఏళ్లొస్తే ఉద్యోగం నుంచి విశ్రాంతి. క్రికెటర్‌కి నలభై దగ్గర పడితే వీడ్కోలు మ్యాచ్. పందెపు పశువుకి మాత్రం అలాంటి తేదీ ఏదీ ఉండదు. కాళ్లలో సత్తువ ఉన్నన్నాళ్లూ బరిలో ఉండాల్సిందే. ఆ సత్తువ మెల్లమెల్లగా తగ్గుతున్నప్పుడు నిన్నమొన్న కోడెగా మారినవాటితో సమానంగా పోటీ పడమనడం న్యాయమేనా?

బుగ్గారం, ధర్మపురి, జగిత్యాల ప్రాంత పల్లెల్లో దుక్కి దున్నే పని చాలావరకు ట్రాక్టర్లకు వెళ్లిపోయింది. అయినా జాతరొస్తే ఎడ్లబండ్ల పోటీలంటే జనం కదులుతారు. దక్షిణాన సూర్యాపేట జిల్లా మేళ్లచెర్వులో శివరాత్రి జాతరకు జరిగే బండలాగుడు పోటీల పేరు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తెలుసు. ఒకచోట వేగానికి పరీక్ష, మరోచోట బలానికి. రెండింట్లోనూ ఆఖరున తేలాల్సింది ఒకటే... ఎవరి జోడు గొప్పది?

నోరు తెరిస్తే వయసు

బండలాగుడులో న్యాయం కోసం మన పెద్దలు ఓ చక్కని పద్ధతి పెట్టారు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తారు. పశువుకి ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి. రెండేళ్లు దాటాక పాలపళ్లు ఊడి మొదటి జత శాశ్వత పళ్లు వస్తాయి. ఆ తర్వాత నాలుగు, ఆరు... దాదాపు అయిదేళ్లకు ఎనిమిదీ వచ్చి నోరు నిండుతుంది. దీన్ని బట్టే పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన జూనియర్లు, సీనియర్లు అని పోటీలు పెడతారు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. నిర్ణీత నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగితే అంత గొప్ప.

ఇక్కడే ఓ తమాషా ఉంది. 'సీనియర్' అనగానే మనకు వయసు మీరినవారు గుర్తొస్తారు. బండలాగుడులో సీనియర్ అంటే అతి బరువైన బండ లాగే విభాగం! నోరు నిండి, ఒంట్లో బలం పొంగుతున్న ఎద్దులూ అందులోనే, ఆ దశ దాటి దిగుతున్న ఎద్దులూ అందులోనే. ఎదిగే వయసుకు నాలుగైదు మెట్లున్నాయి. దిగే వయసుకు ఒక్కటీ లేదు.

గుర్రాలకూ అదే లెక్క

పోనీ, గుర్రప్పందేల్లో ఏమైనా మెరుగా? 1855లో ఇంగ్లాండులో పందెపు గుర్రాల బరువులు నిర్ణయించే అధికారిగా నియమితుడైన అడ్మిరల్ రౌస్, వయసును బట్టి గుర్రం ఎంత బరువు మోయాలో పట్టిక తయారుచేశాడు. లేత గుర్రానికి తక్కువ, ముదిరిన దానికి ఎక్కువ. నేటికీ ప్రపంచవ్యాప్తంగా ఆ పద్ధతికే మెరుగులు దిద్ది వాడుతున్నారు. కానీ అది కూడా గుర్రం పూర్తిగా ఎదిగేదాకానే. ఆ తర్వాత అయిదేళ్లదైనా, పదేళ్లదైనా ఒకటే బరువు!

ఆ లోటు తీర్చేది 'హ్యాండికాప్ రేటింగ్'. మన మలక్‌పేట రేసుకోర్సులోనూ ఇదే నడుస్తుంది. ప్రతి గుర్రానికీ దాని ఫలితాలను బట్టి ఓ అంకె ఇస్తారు. 25 వరకు, 20 నుంచి 45, 40 నుంచి 65... ఇలా తరగతులుంటాయి. ఒక్కో పాయింటుకు అర కిలో. అంటే 60 రేటింగు గుర్రం, 50 రేటింగు గుర్రం కన్నా 5 కిలోలు ఎక్కువ మోయాలన్నమాట. గెలిస్తే అంకె పెరుగుతుంది, ఓడుతూ ఉంటే తగ్గుతుంది. వయసు అడగకుండానే వయసు ప్రభావాన్ని పట్టుకునే ఉపాయమిది.

మరి ఇబ్బందేమిటంటారా? అంకె తగ్గే వేగం! ఓ గుర్రం రేటింగు 70 అనుకుందాం. వయసు మీద పడి దాని అసలు సత్తా 55కి పడిపోయింది. పరుగుకు 3 పాయింట్ల చొప్పున తగ్గిస్తే అసలు స్థాయికి రావడానికి అయిదు పరుగులు ఓడాలి. మొదటి పరుగులో అది మోసేది ఏడున్నర కిలోల అదనపు బరువు. ఒకప్పటి గెలుపులే ఇప్పుడు దాని వీపు మీద సీసపు ముక్కలవుతాయి.

గుర్రపు బండి పందెం

మన ఎడ్లబండి పోటీకి దగ్గరి చుట్టం ఒకటి విదేశాల్లో ఉంది... హార్నెస్ రేసింగ్. గుర్రానికి సల్కీ అనే రెండు చక్రాల తేలికపాటి బండి కడతారు. తోలేవాడు అందులో కూర్చుంటాడు. గుర్రం దౌడు తీయకూడదు, దుడుకు నడకలోనే పరుగెత్తాలి. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫ్రాన్స్, స్వీడన్‌లలో దీనికి బోలెడు ఆదరణ.

బండి పందెంలో వీపు మీద బరువు పెట్టడం కుదరదు కదా! అందుకే దూరంతో సరిచేస్తారు. నిలబడి బయల్దేరే పందేల్లో గట్టి గుర్రాన్ని 10 మీటర్లు, 20 మీటర్లు వెనక్కి నిలబెడతారు. ముసలి గుర్రాల యజమానుల గోడు అక్కడా ఇదే. ఎప్పుడో గెలిచిన పందేల పుణ్యమా అని ఇంకా వెనక గీత మీదే నిలబడాల్సి వస్తోందని! అటు కుర్ర గుర్రాల యజమానులదీ ఓ ఫిర్యాదు ఉంది. పేరున్న పాత గుర్రాన్ని త్వరగా కింది తరగతికి దించితే, అనుభవంతో అది పిల్లల పందెం ఎగరేసుకుపోదా అని.

ఇంకో భయం కూడా ఉంది. ఓడితే అంకె తగ్గుతుందని తెలిస్తే కావాలనే నాలుగు పందేలు ఓడించి, అయిదోదానికి పెద్ద మొత్తం పందెం కాసేవాళ్లు పుట్టుకొస్తారు. అందుకే నిర్ణేతలు పాయింట్లు తగ్గించడానికి ఆచితూచి అడుగేస్తారు. దగాకోరుకు వేసిన ఆ కళ్లెం నిజంగా అలసిన గుర్రానికీ పడుతుంది.

అమెరికాలో దీనికి ఓ గీత గీశారు. బండి గుర్రానికి 15 ఏళ్లొస్తే ఇక పందెం లేదు. ఎంత సత్తా ఉన్నా సరే, ఇంటికే.

కాడి చెప్పే న్యాయం

నిజానికి ఈ హ్యాండికాప్ మన రైతుకు కొత్త కాదు. జోడులో ఒక ఎద్దు బలహీనపడితే కాడికి కట్టే మోకును బలమైన ఎద్దు వైపుకు కాస్త జరుపుతారు. బలహీనమైన దాని వైపు కాడి పొడవు పెరుగుతుంది, దాని మీద భారం తగ్గుతుంది. పిల్లలు ఆడే తూగుటుయ్యాల సూత్రమే! రేటింగులు, పట్టికలు లేకుండానే పొలంలో అమలైన న్యాయం ఇది. పొలంలో ఉన్న ఈ దయ పందెపు బరిలోకి మాత్రం రాలేదు.

చట్టం సంగతి చూద్దామా? బరువు లాగే పశువుల కోసం 1965లో చేసిన నిబంధనలు రోజుకు 9 గంటలు మించి పనిచేయించరాదన్నాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టరాదన్నాయి. ఎద్దు పరిమాణం, బండి చక్రాల రకం చూసి బరువుకు హద్దు పెట్టాయి. వయసుకు మాత్రం ఆ పట్టికలో గడి లేదు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుతోపాటు ఎడ్లబండి పందేలను తప్పుపట్టింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణలను 2023 మే 18న సమర్థించింది. పోటీలు ఉండాలా వద్దా అన్నదాని మీదే ఎక్కువ వాదన నడిచింది. బరిలో దిగిన పశువు వయసెంత అన్న ప్రశ్న మరుగునే ఉండిపోయింది.

చేయగలిగిందేమిటి?

నోరు నిండాక పళ్ల అరుగుదలను బట్టి వయసు చెప్పడం కచ్చితంగా కుదరదు. తినే మేత, తిరిగే నేల కూడా పళ్లను అరగదీస్తాయి. అయితే ఇప్పుడు పశువుల చెవులకు 12 అంకెల ట్యాగులు వేస్తున్నారు. దూడగా ఉన్నప్పుడే పుట్టిన ఏడాది నమోదైతే పదేళ్ల తర్వాత నోరు తెరిచి వెతుక్కోనక్కర్లేదు.

మరి పెద్ద ఎద్దులకు తేలిక బండతో వేరే విభాగం పెడదామా? వినడానికి బాగుంటుంది. కానీ బహుమతి ఆశ చూపితే, విశ్రాంతి తీసుకోవాల్సిన ఎద్దును మరో రెండేళ్లు బరిలోకి లాక్కొస్తారు. రాయితీ ఒక్కటే ఇస్తే అది యజమానికి మేలు. రాయితీతోపాటు పై వయసుకు హద్దు, పోటీకి ముందు పశువైద్యుడి పరీక్ష ఉంటేనే ఎద్దుకు మేలు. ఈ మూడూ కలిసి రావాలి.

ఓడినా మళ్లీ పోటీకి వస్తానో రానో చెప్పగలిగే వీలు మనిషికుంది. ఎద్దుకు లేదు. దాని తరఫున ఆ మాట చెప్పాల్సింది నిబంధనలే. వచ్చే జాతరకు కరపత్రం అచ్చువేసేటప్పుడు నిర్వాహకులు పళ్ల వరుస కింద ఏళ్ల వరుస కూడా ఒకటి చేర్చితే, దానికయ్యే ఖర్చు ఒక్క లైను సిరా!